నిరవధిక సమ్మెలో నల్ల వైరు

"డాక్టరు ఎన్ని దినాలన్నడే?" అని దవాఖాన మంచం మీద నుంచి మా ఆయన అడిగాడు.

"ఇండెఫినిట్ అన్నడు" అన్నాను.

"గట్లయితే నువ్వు ఈడ కూసోని ఏం జేస్తవ్? ఇంటికి పోయి ఇంత తినిరా."

"పోతున్న. నువ్వు జర పండుకో."

నేను మూసారాంబాగ్ వంతెన దాటకముందే దవాఖాన నుంచి ఫోను వచ్చింది. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఆ ఇంగ్లీషు ముక్క మాకు బడిలో వచ్చింది కాదు. నేను రెండో తరగతితోనే బడి మానేశాను. అందుకే నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ సుజాత రాస్తోంది. ఆ మాట మాకు డిపోలో వచ్చింది. ఎట్లా వచ్చిందో చెబుతాను.

రెండువేల పదకొండులో, తెలంగాణ ఉద్యమం గట్టిగా నడుస్తున్నప్పుడు, నేను ఎల్బీనగర్ దగ్గర ఒక బస్సు డిపోలో పనిచేసేదాన్ని. యార్డు ఊడ్చడం, బస్సులు కడగడం నా పని. కాంట్రాక్టు మనిషిని. మా ఆయన యాదగిరి అదే డిపోలో పర్మినెంటు ఎలక్ట్రీషియన్. బ్యాటరీలన్నీ ఆయనే చూసుకునేవాడు.

అంతకుముందు బంద్ అంటే ఒక్క పూట, మహా అయితే రెండు రోజులు. బండ్లను వరుసగా నిలబెట్టి వెళ్లిపోయేవాళ్లు, బంద్ అయిపోగానే తెల్లవారుజామున తాళం తిప్పితే కదిలేవి. ఈసారి వచ్చింది నిరవధిక సమ్మె, ఎప్పటిదాకానో తెలియనిది. ఇంగ్లీషులో దాన్ని ఇండెఫినిట్ అన్నారు. గేటు ముందు టెంటు వేశారు. అందరి నోటా ఇండెఫినిటే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగు సెంటర్ల గేట్లకు, క్లాసులు ఇండెఫినిట్‌గా వాయిదా అని కాగితాలు అంటించారు. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయంటే ఇంటి ఓనరమ్మ ఇండెఫినిట్ అనేది. టెంటులో ఒక కండక్టరును "నీ పెండ్లెప్పుడురా?" అని అడిగితే, "అది మస్తు దినాల సంది ఇండెఫినిట్ల ఉన్నది అన్నా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వనిది మా ఆయన ఒక్కడే. నిలబెట్టిన బండిలో కూడా బ్యాటరీ ఊరికే ఉండదు, కొంచెం కొంచెం కారిపోతూనే ఉంటుంది. పూర్తిగా దిగిపోయి అట్లాగే ఉంటే లోపల పలకలకు తెల్లటి ఉప్పు పడుతుంది, మళ్లీ చార్జింగు పట్టదు. అందుకని బండి ఎక్కువ రోజులు ఆగేటట్టుంటే బ్యాటరీ నుంచి నల్ల వైరు తీసి పక్కకు పెట్టాలి. ఒక్క పూట బంద్‌కు ఆ పని ఎవరూ చేయరు. అలవాటు చొప్పున ఈసారి కూడా ఎవరూ చేయలేదు. ఇవాళ అయిపోతుంది, రేపు అయిపోతుంది అనుకుంటూనే వారం గడిచింది.

"లోపలికి పోయి వైర్లు తీసొస్త" అన్నాడు ఆయన. పోవడానికి లేదు. గేటు దాటితే డ్యూటీ ఎక్కినట్టే. సమ్మె విరిచినవాడని పేరు పడితే ఇన్నేళ్లు కలిసి తిన్న మనుషుల్లో మళ్లీ తలెత్తుకోలేడు. పోకపోతే బండ్లు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. అన్నం సయించడం మానేసింది ఆయనకు.

కాంట్రాక్టువాళ్లం సమ్మెలో లేము. నేను రోజూ చీపురు పట్టుకుని లోపలికి పోతూనే ఉన్నాను. "నాకు చెప్పు, నేను తీస్త" అన్నాను. పొద్దున పదింటికి, అందరూ చూస్తుండగానే, పానా తీసుకుని మొదటి బండి బ్యాటరీ పెట్టె తెరిచాను. ఆయన గేటు బయట ఊచలు పట్టుకుని నిలబడి కేకేశాడు.

"నల్లది, లింగమ్మా! ఎర్రది ముట్టకు! ఎర్రదాని మీదికెళ్లి పానా బాడీకి తగిలితే మంట లేస్తది!"

టెంటులోంచి యూనియన్ లీడరు సత్తన్న లేచి వచ్చాడు. "ఏంది యాదగిరి, నువ్వు సమ్మెల ఉన్నవా, డ్యూటీల ఉన్నవా?"

"కాళ్లు సమ్మెలనే ఉన్నయే అన్నా. నోరే డ్యూటీల ఉన్నది."

ఇద్దరు ముగ్గురు నవ్వారు కానీ సత్తన్న నవ్వలేదు. "బండ్లు సక్కగుంటే సర్కారుకు నొప్పేంది? ఎవరి దిక్కు నువ్వు?" అన్నాడు.

"సమ్మె గెలిచినంక గీ బండ్లు నడిపేది మనమే గదనే" అన్నాడు ఆయన.

ఇంతలో మేనేజరు సారు ఆఫీసులోంచి వచ్చాడు. కోస్తా వైపు మనిషి, మర్యాదగా మాట్లాడేవాడు. "ఏమ్మా, వైర్లు పీకమని ఎవరు చెప్పారు నీకు? బళ్లు కదలకుండా చేశారని పైవాళ్లంటే నేనేం చెప్పాలి?"

"కదిలేటందుకే తీస్తున్న సారూ. ఎప్పుడు నడుపుతరో చెప్పుండ్రి, గా దినం పెడ్త."

సారు బండ్ల వరుస వంక చూశాడు. "నాకూ తెలీదమ్మా. అర్జంటుకి గేటు దగ్గరున్న రెండు బళ్లూ అలాగే ఉంచు. మిగతావి నేను చూడలేదు" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రెండూ తప్ప ముందు వరుసల బండ్లన్నిటికీ వైర్లు తీశాను. వెనక గోడవారగా ఉన్నవి మిగిలాయి. మర్నాడు కాంట్రాక్టరు నన్ను గేటు దగ్గరే ఆపాడు, సమ్మె అయ్యేదాకా రావద్దన్నాడు. టెంటులో మా ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. అయినా ఆయన రోజూ పోయి, ఒక మూలన ఒక్కడే కూర్చుని వచ్చేవాడు. మానుకోమంటే, "సమ్మె నాది గూడనే" అన్నాడు.

బతుకమ్మ పండుగ అయిపోయాక సమ్మె ఆగింది. ఆ పొద్దున డ్రైవర్లు తాళాలు తిప్పితే గోడవారగా ఉన్న బండ్లు కిక్కురుమనలేదు, తోసి తోసి విడిచిపెట్టారు. ముందు వరుసల దగ్గర సత్తన్న నిలబడి, "యాదగిరన్నా, వైర్లు పెట్టు" అన్నాడు. మా ఆయన పానా తీసుకుని వంగాడు. ఒక్కొక్క బండీ మొదటి తిప్పుకే అందుకుంది. మధ్యాహ్నం సత్తన్న తన టిఫిన్ డబ్బా తెచ్చి ఈయన పక్కన విప్పాడు.

తర్వాత నన్నూ పనిలోకి పిలిచారు. వయసు మీదపడి మానేసేదాకా అక్కడే చేశాను. ఆ సమ్మెలో నేను నేర్చుకున్నది ఒక్కటే. ఎప్పటిదాకానో తెలియదని ఎవరన్నా చెప్పిననాడే, చాలా రోజులు ఆగే బండికి చేసే పని మొదలుపెట్టాలి. తేదీ తెలిసినాక చేద్దామని కూర్చుంటే వెనక వరుస చచ్చిపోతుంది.

ఇక చాలు, సుజాతా. మొదటి నుంచి ఒకసారి చదువు బిడ్డా, నేను వింట.