ప్రేమ మీద కనక చేసిన ప్రాజెక్టు

కనక పాడేరు నుంచి జి.మాడుగుల మీదుగా గెడ్డవలస దాకా వెళ్లే బస్సులో కండక్టరు. గెడ్డవలస ఆఖరి స్టాపు. ఆమె పుట్టిన ఊరూ అదే. అక్కడ బస్సు వెనక్కి తిరగడానికి చర్చి ముందున్న ఖాళీ జాగా తప్ప మరో చోటు లేదు. అందుకని పాస్టరు జాకబ్‌కీ ఆమెకీ రోజూ మాటలు నడిచేవి, ఎక్కువగా బస్సు టైర్లు తొక్కేసిన బంతి మొక్కల గురించి.

ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి, నలభై దాటాక ఆమె ఎమ్మేకి కట్టింది. సోషియాలజీకి పుస్తకాలు తెలుగులో దొరుకుతాయనీ, ప్రాక్టికల్స్ ఉండవనీ ఎవరో చెబితే అదే తీసుకుంది. రెండో ఏడు ప్రాజెక్టు ఉంటుందన్న సంగతి మాత్రం ఆ చెప్పినవాళ్లు చెప్పలేదు.

ప్రాజెక్టు అంశాలు పంచిన రోజు ఆమె డ్యూటీలో ఉంది. మర్నాడు స్టడీ సెంటరుకి వెళ్లేసరికి వారపు సంతలు, పొదుపు సంఘాలు, పోడు సాగు, సారా అలవాటు, అన్నీ అయిపోయాయి. గైడు గణపతిరావు మిగిలిన కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు.

"ప్రేమకథా చిత్రాలకు మనస్తత్వ, సామాజిక శాస్త్రాల ప్రేమ సిద్ధాంతాల అన్వయం. ఇదొక్కటే ఉందమ్మా."

"ఇంకేటీ నేదా సార్?"

"సినిమాలు చూస్తారా?"

"సిన్నప్పుడు సూసేదాన్ని."

"మరింకేం. ఆ చూసినదానికి సిద్ధాంతం తగిలించడమే."

చిన్నప్పుడు చూసేదాన్నని ఆమె తగ్గించి చెప్పింది. మాడుగుల సంతలో అప్పట్లో ఒక పాకలో టీవీ, డెక్కు పెట్టి సినిమా వేసేవారు. పదో తరగతి పాసయిన కనక సంతకి అడ్డాకులు అమ్మడానికి వెళ్లి, అమ్మేసి, ఆ పాకలో దూరేది. సినిమా నచ్చితే వచ్చే సంతకీ అదే వెయ్యమని పాకవాడితో తగువు పెట్టుకునేది. హీరోయిన్ అలిగి పుట్టింటికి పోవడం, హీరో వానలో తడుస్తూ ఇంటి ముందు నిలబడడం ఆమెకి బాగా నచ్చిన ఘట్టాలు.

ఇప్పుడు ఆమె పాడేరు బస్టాండులో సినిమాలు ఫోనులోకి దింపుకుని, గెడ్డవలసలో బస్సు ఆగినంతసేపూ చూడడం మొదలుపెట్టింది. ఒళ్లో సిద్ధాంతాల పుస్తకం పెట్టుకునేది.

మొదటి సిద్ధాంతం ప్రకారం ప్రేమకి మూడు మూలలుంటాయి: దగ్గరితనం, మోహం, కట్టుబాటు. మూడూ ఉంటేనే నిండు ప్రేమ. కనక చూసిన సినిమాల్లో మోహం మొదటి పాటకే వచ్చేసింది. ఇంటర్వెల్ ముందు కట్టుబాటు వచ్చింది. దగ్గరితనం కోసం ఆమె ఆఖరిదాకా చూసింది. హీరో హీరోయిన్లలో ఒక్కరూ రెండోవాళ్లని అన్నం తిన్నావా అని అడగలేదు. తను గమనించలేదేమోనని వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. అడగలేదు.

రెండో సిద్ధాంతం ప్రకారం, తల్లి పెంచిన తీరుని బట్టి మనిషి ప్రేమించే తీరు ఉంటుంది. కొందరు అంటిపెట్టుకుంటారు, కొందరు దూరంగా తొలుగుతారు, కొందరు నిలకడగా ఉంటారు. హీరోల తల్లులు చాలామంది సినిమా మొదలయ్యేసరికే పోయి ఉండడంతో ఈ విషయం తేలలేదు.

మూడోది సోషియాలజీ వాళ్లది. మనుషులు ఇచ్చేదీ పుచ్చుకునేదీ బేరీజు వేసుకుని, తమలాంటి కులం, కలిమి, చదువు ఉన్నవాళ్లనే ప్రేమిస్తారట. ఆ లెక్కన కోటలాంటి ఇంట్లో పిల్ల పనీపాటా లేనివాణ్ణి ప్రేమించకూడదు. ప్రేమిస్తోంది. అందుకే ఫైట్లు పెట్టవలసి వస్తోందని కనక రాసుకుంది.

గణపతిరావు చదివి, "బాగుంది. కానీ క్షేత్ర పరిశీలన ఏదీ? పదిమందికి ఒక సినిమా చూపించి ప్రశ్నలడగండి. వాళ్లేమంటే అది రాయండి" అన్నాడు.

ప్రొజెక్టరు గెడ్డవలసలో జాకబ్ దగ్గరే ఉంది. ఆయన ఏసుప్రభువు జీవితం చూపించడానికి దాన్ని తెప్పించుకున్నాడు.

"ఇత్తానమ్మా. సదువుకోసం కదా," అన్నాడు. "కానీ చర్చి హాలు. ఆళ్లూ ఆళ్లూ అత్తుకునే సీన్లొత్తే నాను సెయ్యడ్డు పెడతాను."

"పెట్టండి అయ్యగారూ."

ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం వేద్దామనుకున్నారు. వెలుతురు రాకుండా కిటికీలకి కట్టడానికి, పసుపు ఎండబెట్టుకునే పెద్ద టార్పాలిన్ కావలసి వచ్చింది. జాకబ్ దాన్ని నేరేడుపుట్టు బుధుని అడిగి తెచ్చాడు. బుధు టార్పాలిన్‌తోబాటు తనూ వచ్చాడు. ఎవరైనా మేకులు కొట్టి చింపేస్తారని భయం.

బుధు సంగతి ఇక్కడ చెప్పాలి. నేరేడుపుట్టు గెడ్డవలసకి కాస్త ముందొచ్చే స్టాపు. ప్రతి సంతరోజూ అతను పసుపు మూటో, పిప్పళ్ల సంచో వేసుకుని బస్సెక్కి "మాడుగుల ఒకటి" అంటాడు. కనక టికెట్టు కొట్టి ఇస్తుంది. ఏళ్ల తరబడి వాళ్లిద్దరి మధ్యా నడిచిన మాటలివే. అంతకు ముందు అతను ఆమె మొగుడు.

ఇరవయ్యో ఏట ఆమె సంత నుంచే అతనితో వెళ్లిపోయింది. ఆ కొండల్లో అదేం గొడవ కాదు. ఇష్టపడ్డ పిల్లా పిల్లడూ ముందు వెళ్లిపోతారు, తర్వాత పెద్దలు కూర్చుని జీలుగు కల్లు తాగి, పిల్ల వాళ్లకి పిల్లడి వాళ్లు ఇవ్వవలసిన ఓలి తేల్చుకుంటారు. పెళ్లి అయినట్టే. రెండో వానాకాలంలో ఆమె సినిమాకి పోదామంది. పసుపు చేలో కలుపు ఉందన్నాడు. మాటా మాటా పెరిగి ఆమె గెడ్డవలస వచ్చేసింది. అలిగి వచ్చిన పెళ్లానికోసం మొగుడు ఇద్దరు పెద్దల్నీ ఒక కల్లు కుండనీ వెంటబెట్టుకు రావడం ఆనవాయితీ. కనక ఆ వానాకాలమంతా వాకిట్లో కూర్చుంది. ఎవరూ రాలేదు. చలికాలంలో కండక్టరు ఉద్యోగాలు పడ్డాయని తెలిసి దరఖాస్తు పెట్టింది. కొన్నాళ్లకి బుధు ఇంకో మనిషిని తెచ్చుకున్నాడు. ఆమె జ్వరం వచ్చి పోయింది. వాళ్లకో కూతురు, భాను. చింతూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కనక ఎవరినీ చేసుకోలేదు.

సినిమా మొదలైంది. అందులో రెండు పాటలు ఈ కొండల్లోనే తీశారు. హీరో హీరోయిన్లు కాఫీ తోటలో దొర్లుతుంటే వెనక నుంచి చిట్టి గొంతు వినిపించింది. చిట్టి కనకకి పిన్ని కూతురు, రెండెకరాల కాఫీ ఉంది.

"పూత మీద దొల్లుతున్నారే! ఆ తోట ఎవులిదే అప్పా?"

"సినిమా సూడే," అంది కనక.

"ఆడికి పనేటీ నేదా? పొద్దస్తమానం ఆ గుంట ఎనకే తిరుగుతన్నాడు."

"ఇద్దరికీ ఇష్టమే కదా, లేపుకు పోవచ్చు కదా," అని మరొకావిడ అంది. "ఓలి తరవాత తేల్సుకుంటారు. ఇన్నిన్ని ఏడుపులేల?"

కౌగిలింతలు వచ్చినప్పుడల్లా తెర మీద జాకబ్ అరచెయ్యి నల్లగా, పెద్దగా పడింది. చెయ్యి తీసేసరికి కథ ముందుకి పోయి ఉండేది. చెయ్యి వెనకాల ఏం జరిగి ఉంటుందో జనం పైకే అనుకున్నారు. అసలు సీను కన్నా అది ఘోరంగా ఉండడంతో, జాకబ్ మూడోసారి నుంచి చెయ్యి పెట్టడం మానేశాడు.

ఆఖర్న హీరోయిన్ అలిగి తండ్రి ఇంటికి పోయింది. హీరో వానలో గేటు ముందు నిలబడ్డాడు. ఆమె మేడ దిగి పరుగెత్తుకొచ్చింది. సినిమా అయిపోయింది.

కనక ప్రశ్నలు తీసి ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. బుధు టార్పాలిన్ విప్పుతున్నాడు. అతన్ని వదిలేద్దామనుకుంది. అప్పటికి తొమ్మిదిమందే అయ్యారు. గైడు పదిమంది అన్నాడు.

"ఆ పిల్లడు వాన్లో రాకపోతే ఏటయ్యేది?" అని అడిగింది, కాగితంలోకి చూస్తూ.

బుధు తాడు ముడి విప్పుతూనే చెప్పాడు. "ఏటవుద్ది? కోపం తగ్గినాక ఆ గుంటే వచ్చును. కాళ్లున్నాయి కదా."

"రాకపోతే?"

"రాకపోతే ఇష్టం నేదనుకుంటాం. ఇష్టం నేని మనిషిని లాక్కొత్తామేటి?"

అక్కడున్నవాళ్లందరికీ వాళ్ల సంగతి తెలుసు. కనక అతను అన్నది అన్నట్టు రాసింది.

"పెద్దల్ని తీసుకుని ఎల్లాలి కదా," అంది.

"మా ఇంట్లో అలాటి ఆచారం నేదు. మాయమ్మ మూడుసార్లు అలిగి పోనాది. మూడుసార్లూ తనే వచ్చీసినాది. మానాన్న ఎప్పుడూ ఎల్లనేదు." బుధు తాడు చుట్ట చుట్టి, మొదటిసారి ఆమె వైపు చూశాడు. "ఆ గుంట ఏటి, ఆడొత్తాడని కూకుందా?"

"కూకుంది."

"ఆడొత్తాడని ఎవులు సెప్పినారు?"

కనక నిజమే చెప్పింది.

"సినిమాలో సూసింది."

"నాను సినిమా సూడ్డం ఇదే మొదలు," అన్నాడు బుధు. టార్పాలిన్ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారం ఆమె పుస్తకంలో చివరి అధ్యాయం చదివింది. చివర్న ఉంది కదా అని అంతదాకా చదవలేదు. ప్రేమ లోపలి నుంచి పుట్టుకొచ్చేది కాదని, నాటకంలో వేషంలాగా నేర్చుకునేదని అందులో ఉంది. ఎప్పుడు అలగాలో, ఎవరు వచ్చి బతిమాలాలో సమాజం ముందే రాసిపెడుతుందట. ఇద్దరి చేతుల్లో వేర్వేరు నాటకాలుంటే ఏమవుతుందో మాత్రం పుస్తకంలో లేదు. కనక ఆ అధ్యాయం మీద చాలాసేపు కూర్చుంది. కోపం రావాలనుకుంది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. డెక్కు పాకవాడు కూడా పోయి చాలాకాలమైంది.

పదిమందిలో ఎవరు ఏ రకమో పట్టిక వెయ్యమన్నాడు గణపతిరావు. బుధు ఇచ్చిన జవాబులు చూసి, "ఇతను దూరంగా తొలిగే రకం. అనుమానం లేదు," అన్నాడు.

తర్వాతి సంతరోజు బుధు బస్సెక్కాడు. "మాడుగుల ఒకటి," అని ఊరుకోకుండా, "నన్నేటని రాసినావు?" అన్నాడు.

"దూరంగా తొలిగే రకమని."

బుధు దానిమీద రెండు స్టాపులు ఆలోచించాడు.

"మరి నువ్వో?"

"అంటిపెట్టుకునే రకం."

"అంటిపెట్టుకునేదానివి ఏల ఎల్లిపోనావు?"

ముందు సీట్లో ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. కనక స్టాపు రాకుండానే విజిలు వేసింది. ఆ పూటే పాడేరులో తనుండే క్వార్టరుకెళ్లి పట్టిక కొట్టేసింది. దాని బదులు, "ఈ మనుషులు ఏ రకమో చెప్పేటంత సమాచారం పరిశోధకురాలికి లేదు," అని ఒక వాక్యం రాసి పంపింది. పట్టిక లేనందుకు మార్కులు తగ్గాయి. సెకండ్ క్లాసులో పాసయింది.

ఆషాఢం వచ్చింది. ఒక సెలవురోజు పొద్దున్న గెడ్డవలస పుట్టింట్లో కనక చోడి అంబలి కాస్తుంటే చిట్టి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అప్పా, బేగి రా! ఆ నేరేడుపుట్టు ఆయన మీ వాకిట్లో నిలబడ్డాడు. తడిసిపోతన్నాడు."

కనక బయటికి వచ్చి చూసింది. బుధు నెత్తిమీద ఎరువు సంచి కప్పుకుని వానలో నిలబడి ఉన్నాడు. చంకలో ఒక కోడిపుంజు ఉంది. అది అతనికన్నా ఎక్కువ తడిసింది. చూరు కింద చోటు ఉన్నా అతను దాని కింద లేడు.

"ఏటి సేత్తన్నావు అక్కడ?"

"నిలబడ్డాను."

"ఎంతసేపయినాది?"

"శానాసేపయినాది. నువ్వు సూసుకోనేదు."

ఇరవయ్యేళ్ల కిందట వాకిట్లో కూర్చున్నప్పుడు ఈ ఘట్టం ఆమె మనసులో వెయ్యిసార్లు జరిగింది. అందులో పాట ఉండేది. ఇప్పుడు తీరా జరిగేసరికి ఆమెకి ముందు, తడిస్తే అతనికి వచ్చే దగ్గు గుర్తొచ్చింది. తర్వాత, ఇరుగుపొరుగు చూరుల కింద నిలబడి చూస్తున్నారని సిగ్గేసింది. ఆ రెంటి తర్వాత, పరుగెత్తాలనిపించింది. బురదగా ఉందని పరుగెత్తలేదు.

"లోనికి రా. అంబలి తాగినావా?"

"నేదు."

లోపల అతను పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఇద్దరూ అంబలి తాగారు. సినిమాలో గేటు దాకానే చూపించారనీ, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తనకి తెలియదనీ బుధు చెప్పాడు. తను కూడా అంతవరకే చూశానంది కనక. ఉద్యోగం మానననీ, పాడేరు క్వార్టరు వదలననీ, సెలవుల్లో వస్తాననీ ఆమె చెప్పింది. అతను సరే అన్నాడు. పసుపు తవ్వేటప్పుడు సెలవు దొరుకుతుందా అని అడిగాడు. చూద్దామంది.

మిగిలింది పెద్దల పని. వాళ్లు కూర్చున్నారు. మళ్లీ ఓలి ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న. ఒకాయన ఇవ్వాలన్నాడు, ఇంకొకాయన వద్దన్నాడు. రెండో కుండ అయ్యేసరికి సుక్రు తాత ఒక సంగతి అడిగాడు: ఆమె వెళ్లిపోయినప్పుడు పాత ఓలి ఎవరైనా తిరిగి ఇచ్చారా? ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు కూడా. అయితే తెగతెంపులు జరగనేలేదనీ, కనక పుట్టింటికి చుట్టపు చూపుగా వచ్చి కొంచెం ఎక్కువ రోజులు ఉండిపోయిందనీ పెద్దలు తేల్చారు. పెళ్లి అక్కర్లేదు, భోజనాలు పెడితే చాలన్నారు.

భోజనాలు పెట్టారు. జాకబ్ వచ్చి ప్రార్థన చేసి, కోడికూర తిని, కల్లు ముట్టకుండా వెళ్లాడు. దసరా సెలవులకి భాను చింతూరు నుంచి వచ్చింది. కనకని ఏమని పిలవాలో ఆ పిల్లకి తెలియలేదు. భాను తల్లికన్నా ముందు వచ్చిన మనిషి కాబట్టి పెద్దమ్మ అవుతుందని చిట్టి వరస కలిపింది. భాను రెండు రోజులు ఏమీ పిలవకుండా తిరిగింది. మూడో రోజు బస్సెక్కి, "పెద్దమ్మా, కిటికీ పక్క సీటు ఉందా?" అంది. లేదు. కనక తన సీట్లోంచి లేచి, ఆ పిల్లని కూర్చోబెట్టి, మాడుగుల దాకా నిలబడే టికెట్లు కొట్టింది.