మంచె మీద అస్త్రపాఠం

ఎనభైల్లో, పెళ్ళయిన తొలి ఏడాది, రెంటచింతల దగ్గర మా జొన్నచేలో మంచె ఎక్కి నేను తెలుగు పాఠం చెప్పాను. విన్నది మా అత్త ఒక్కతే. అప్పటికే మాచర్లలో ఒక బళ్ళో నాకు తెలుగు టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఇంట్లో ఎవరినడిగినా "మీ అత్తనడుగు" అనేవాళ్ళు. అత్తేమో "ముందు చేనికి రా, తర్వాత చూద్దాం" అనేది. ఆ ఉద్యోగం చేజారితే ఇక బతుకే లేదనిపించేది నాకు. ఆ వయసు అలాంటిది.

కంకులు పాలుపోసుకునే రోజులు. పిట్టలు గుంపులుగా దిగుతున్నాయి. అత్త పిట్టల్ని తోలే వడిసెల తాడు మధ్య మట్టి ఉండ పెట్టి, తలచుట్టూ గిర్రున తిప్పి వదిలింది. చేను ఆ చివర పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. నా నోరు ఊరుకోదు కదా.

"అత్తయ్యా, చేత్తో పట్టుకుని కొట్టేది శస్త్రం. విసిరేది అస్త్రం. కత్తి శస్త్రం, బాణం అస్త్రం. జనం రెంటినీ కలిపేస్తారుగానీ తేడా అదీ."

"మరి ఇదేంది?" అంటూ వడిసెల ఊపింది.

"అది విల్లులాంటిది. చేతిలోనే ఉంటుంది. ఉండ ఒక్కటే అస్త్రం."

"చానా తెలుసే నీకు! ఏదీ, నువ్వెయ్యి చూద్దాం."

వడిసెల తాడుకు రెండు కొసలు. ఒకదాన్ని వేలికి తగిలించుకుని, రెండోదాన్ని మాత్రమే వదలాలి. తిప్పాలన్న హుషారులో తగిలించుకోవడం మాటే మరిచాను. రెండూ వదిలేశాను! ఉండ చేలో ఎక్కడో పడింది. వడిసెల వెళ్ళి చేను పక్క డొంకదారిలో పోతున్న చొప్పబండి మీద వాలింది.

"ఏమే, విల్లు కూడా పోయిందే!" అంది అత్త. ఇద్దరం బండి ఆపమని చేతులూపుతూ కేకలేశాం. బండతను మాకేదో సంబరమనుకున్నట్టున్నాడు, తనూ చెయ్యూపి వెళ్ళిపోయాడు. ఇక నవ్వాగలేదు. అత్త కడుపు పట్టుకుని కూలబడింది. మంచె ఊగిపోతోంది. మా నవ్వులకు బెదిరి పిట్టలు పక్కచేలోకి పోయాయి. మనిషి అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు, ఆమె మీద అప్పుడే బోలెడు ప్రేమ పుట్టుకొచ్చింది.

కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"చేను పని కోసం కాదే నిన్ను ఆపింది. పంతులమ్మవైతే మాతో మాట్లాడటానికి నామోషీ పడతావేమోనని."

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"సోమారం పో" అంది.

ఆ సోమవారం బస్సుదాకా వచ్చింది. టిఫిన్ క్యారియరు కిటికీలోంచి అందిస్తూ, బస్సులో అందరికీ వినపడేట్టు అంది:

"ఇయ్యాల పిల్లకాయలకి ఏం చెప్తావో, సాయంత్రం వచ్చి నాక్కూడా చెప్పు."