రెండెకరాల్లో పోతుదూడలు

మా ఆయన నవాబు మీద తిరగబడ్డ సంఘంలో చేరి ఇల్లు విడిచిన ఏడాది, ఆయన్ని వెతుకుతూ వచ్చిన జవాన్లు మా ఎడ్ల జతను తోలుకుపోయారు. మెదక్ పట్టణం చివర మాకున్నది రెండెకరాలు. నాగలి పట్టే మనిషి లేడు. మామకు మోకాళ్ల నొప్పులు. అరక కిరాయికి అడిగితే మా చేలోకి రావడానికి అందరికీ భయం. ఆ వానాకాలం దున్నని నేలలో గడ్డి మోకాలెత్తు లేచింది. మామ దాన్ని చూసి తల పట్టుకున్నాడు. నేను మాత్రం, గడ్డి ఉంది కదా, తినేవాటిని తెచ్చుకుందాం అనుకున్నాను.

పట్టణంలో బర్రెలున్న ఇళ్లకు కొదవ లేదు. పాలన్నీ అమ్మకానికే. ఆడదూడ పుడితే దానికో చన్ను వదిలేవారు. పోతుదూడ పుడితే ముట్టనిచ్చేవారు కాదు. అది పెంటకుప్ప పక్కన పడి ఉండి పదిహేను రోజుల్లో పోయేది. అలాంటివి అడిగితే ఎవరూ కాదనలేదు. "తీస్కపో, నీకేమన్న పిచ్చా?" అని నవ్వారు. నెల తిరిగేసరికి ఐదింటిని తెచ్చాను.

రెండు చచ్చిపోయాయి. తప్పు నాదే. ఆకలితో ఉన్నాయని కడుపునిండా గంజి తాగించాను, పారుడు పట్టింది. మూడోది కూడా అదే దారిలో ఉన్నప్పుడు, అల్లాదుర్గ్ అంగడి నుంచి పశువులను తోలుకొస్తున్న ఒక ముసలాయన మా దడి బయట ఆగాడు. బజారులో మాంసం దుకాణం ఆయనది. అందరూ చాచా అనేవారు.

"గంజి బంద్ చెయ్యి బేటీ. పాలల్ల గోరెచ్చటి నీళ్లు కలిపి జరంత జరంత నాలుగు పూటలు తాపు. ఒక్కపాలి పోస్తె యాడ అరుగుతది?"

"పాలు యాడికెల్లి తేవాలె చాచా?"

"గా మేక నీది కాదా?"

మేక నాదే. మూడు దూడలూ బతికాయి.

తర్వాత ఆయన వచ్చినప్పుడల్లా ఒక్కో సంగతి చెప్పేవాడు. కండ చూసి కాదు, మూతి వెడల్పు చూసి దూడను ఎంచుకోమన్నాడు. చేను మూడు ముక్కలు చేయమన్నాడు. ఒకదాంట్లో మేపి, రెండోదాన్ని పెరగనిచ్చి, మూడోదాన్ని పారతో తవ్వి చొప్ప కోసం జొన్న చల్లమన్నాడు. ముళ్లకంప నరికి దడులు నేనే కట్టాను. చేతులు చీరుకుపోయాయి కానీ గడ్డి ఏడాదంతా సరిపోయింది. ఇవన్నీ ఆయన దడి అవతల నిలబడే చెప్పేవాడు. కసాయి ఇంట్లో అడుగుపెట్టడం మామకు ఇష్టం లేదని ఆయనకు తెలుసు.

మొదటి పోతును చాచాకు తోలిచ్చిన రోజు నాకు అన్నం సహించలేదు. మరునాడు పాలమ్మే ఒకావిడ నిలదీసింది.

"గంత సాది కసాయోనికి ఇస్తివి. పాపం తగలదా?"

"పదిహేను దినాలల్ల ఆకలికి సంపెటోళ్లకు తగలని పాపం, రెండేండ్లు కడుపునిండ పెట్టినదానికి తగులుతదా?" అన్నాను. ఆ వారమే వాళ్లింటి నుంచే ఇంకో దూడను తెచ్చుకున్నాను.

నవాబు తరఫున తుపాకులతో తిరిగేవాళ్లు రెండుసార్లు బలిసిన పోతులను ఎత్తుకుపోయారు. అడ్డుపడబోయిన చాచానూ కొట్టారు. అయినా నేను పెంచడం మానలేదు.

అంతలో పోలీస్ యాక్షన్ వచ్చింది. నవాబు పాలన పోయిందని బజారులో మిఠాయిలు పంచారు. ఆ సంబరం సర్దుకోకముందే కొందరు తురకల ఇళ్ల మీద పడి దోచుకోవడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం ముసురులో చాచా, ఆయన భార్య మా జొన్నచేను వెంట వచ్చారు. వెనక మూడు పోతులు. నెల కిందట నా దగ్గర కొన్నవే. వాళ్లు దడి బయటే ఆగిపోయారు. నేను మామ వైపు చూశాను.

"నిలవడ్డరేంది? రాండ్రి. తడుస్తున్నరు," అన్నాడు మామ.

వాళ్లను కొట్టంలో, చొప్పకట్టల వెనక ఉంచాను. పోతులను నా ఐదింటిలో కలిపేశాను. మూడో రోజు పొద్దున కట్టెలు పట్టుకుని ఆరేడుగురు వచ్చారు. అందరూ తెలిసిన ముఖాలే.

"కసాయోని పశువులు ఈడున్నయట. తోలుకపోతం."

పశువుల గురించి మాట్లాడాల్సి వస్తే నేను ఎవరి ముందూ తగ్గను.

"గీ ఎనిమిది పోతులు నా చేతుల మీద పెరిగినయే. చెవి తెగినది కోట కింది ఇంటిది, చిన్నగున్నప్పుడు కుక్క కొరికింది. గా తెల్లమచ్చది బజారు మూలమీది ఇంటిది." ముందు నిలబడ్డవాడి వైపు తిరిగాను. "గిది మీ ఇంటిది. మీ అమ్మ గోనెల సుట్టి నా చేతులల్ల పెడ్తుంటె నువ్వు ఎన్క నిలవడి నవ్వినవ్. గిప్పుడు కావాల్నా? మీ అమ్మనే వచ్చి అడగమను."

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంకొకడు కొట్టం వైపు కదిలాడు.

"లోపలేముంది?"

మామ ఎప్పుడు జరుపుకున్నాడో, మంచం గుమ్మానికి అడ్డంగా ఉంది. దాని మీద ఆయన.

"సొప్ప ఉన్నది. నన్ను లేపి సూస్తవా?"

ఆయన్ని లేపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కాసేపు గొణుక్కుని వెళ్లిపోయారు. నేను దడి సందుకు ముళ్లకంప అడ్డం పెట్టి వచ్చాను.

చాచా దంపతులు పదకొండు రోజులున్నారు. తర్వాత హైదరాబాదులో కూతురి దగ్గరికి పోయారు. పోతులను నన్నే ఉంచుకోమన్నారు. ఆయన మళ్లీ మెదక్‌లో దుకాణం తెరవలేదు. అమ్మకానికి నేనే తూప్రాన్ అంగడికి తోలుకుపోవడం నేర్చుకున్నాను. బేరగాళ్లు మొదట్లో నవ్వారు. రెండో ఏడు నా పోతులు రాలేదేమని అడగడం మొదలుపెట్టారు.

సంఘంవాళ్లను కొత్త సర్కారూ పట్టుకుని జైల్లో పెట్టింది. మూడేళ్ల తర్వాత మా ఆయన విడుదలై వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. రెండో రోజే నేను చేస్తానంటూ కొడవలి పట్టుకుని పోయి, వానకు తడిసిన బొబ్బెర తీగ కోసుకొచ్చి ఒక పోతుకు కడుపారా వేశాడు. కాసేపటికి దాని ఎడమ డొక్క ఉబ్బి డప్పులా అయింది.

"సచ్చిపోతదా?" ఆయన నన్ను కేకేసి అడిగాడు.

"సావదు. గా కట్టె తెండ్రి. మిట్ట మీద ముందటి కాళ్లు ఉండేటట్టు నిలవెట్టుండ్రి."

కట్టెను నోట్లో అడ్డంగా కట్టాను. అది నములుతూ ఉంటే మెల్లగా నూనె పోశాను. ఇద్దరం చెరోవైపు డొక్కలు రుద్దాం. చాలాసేపటికి అది పెద్దగా త్రేన్చింది. ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"రేపు ఏమెయ్యాలె?"

"ముందు ఎండుగడ్డి. ఎనక పచ్చిది, గది కూడ కొద్దిగనే."

సాయంత్రానికి పోతు నెమరు వేసింది. అది కళ్లారా చూశాకే ఆయన అన్నానికి లేచాడు.