సత్తిబాబు చెప్పొద్దన్న మాట

2001 వేసవి. రాజమండ్రిలో నేను రికార్డింగ్ స్టూడియో పెట్టి ఆరేళ్లయింది. తుని నుంచి పాలకొల్లు దాకా పెళ్లిళ్లకూ జాతరలకూ తిరిగే ఒక బ్యాండు, సొంత బాణీలతో జాజ్ ఫంక్ ఆల్బమ్ చేస్తామని వచ్చింది. ఆ సంగీతంలో బేస్ గిటారు, డ్రమ్స్ ఒకదాన్నొకటి వదలకుండా నడవాలి. వాటి మీద శాక్సాఫోన్ సాగుతుంది.

శాక్సాఫోన్ వాయించే ప్రసాద్ గారే లీడరు. డ్రమ్మర్ సత్తిబాబు ఆయనతో ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాడు.

డ్రమ్స్ మోత మిగతా మైకుల్లో పడకూడదని సత్తిబాబును వేరే గదిలో కూర్చోబెట్టాను. మిగతావాళ్ల వాయింపు అతనికి హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. మొదటి బాణీ తొమ్మిదిసార్లు తీసినా డ్రమ్స్ వెనకబడుతూనే ఉంది. "బేస్ ఇంకొంచెం పెంచండి" అని అతను అడుగుతూనే ఉన్నాడు. చివరికి లోపలికెళ్లి అతని హెడ్‌ఫోన్ నేను పెట్టుకున్నాను. ఆ మోత భరించలేక వెంటనే లాగేశాను.

"ఎన్నాళ్ల నుంచి వినపడట్లేదు?" అన్నాను గట్టిగా.

"నాలుగేళ్లండి. స్టేజీ మీదైతే బేస్ వాయించేవాడి వేళ్లు చూసి లాగించేస్తానండి. ఇక్కడ ఎవరూ కనపడట్లేదు కదా. లీడరు గారికి మాత్రం చెప్పొద్దండి."

బేస్ గిటారిస్టును అతనికెదురుగా కూర్చోబెట్టాను. తర్వాతి టేకే కుదిరింది. మూడు రోజుల్లో ఆరు బాణీలూ అయిపోయాయి.

చివరి రోజు అందరూ కూర్చుని వింటుంటే సత్తిబాబు నా పక్కకొచ్చి, మీటర్లలో ఊగే ముళ్లను చూస్తూ నిలబడ్డాడు. ధ్వని ఎంతుందో చూపించే ముళ్లవి.

"ఇందులో నా డ్రమ్స్ ముల్లు ఏదండి?"

చూపించాను. బాణీ అయ్యేదాకా అతను దాని మీంచి చూపు తిప్పలేదు.

సాయంత్రం ప్రసాద్ గారు అడిగారు. "బేస్ అతన్ని ఆ గదిలోకి ఎందుకు మార్చారండి?"

వైద్యం చేయిస్తారనుకుని చెప్పేశాను.

ఆ ఏడాది చివర్లో తణుకులో వాళ్ల ప్రోగ్రాం ఉంటే వెళ్లాను. డ్రమ్స్ దగ్గర కొత్త మనిషి ఉన్నాడు.

"తాళం తప్పితే మళ్లీ ఎవరు పిలుస్తారండి? ఏడు ఇళ్లు ఈ బ్యాండు మీదే బతుకుతున్నాయి కదా," అన్నారు ప్రసాద్ గారు, నా ముఖం చూడకుండా.

"సత్తిబాబు ఏమన్నాడండి?"

"ఏమీ అనలేదండి. మీరు చెప్పారా అని మాత్రం అడిగాడు."

తప్పు ఎక్కడుందో విని పట్టుకోవడం నా పని. పట్టుకున్నదాన్ని ఎవరికి చెప్పాలన్నది మాత్రం నేను తేల్చేది కాదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఎవరైనా నన్ను నమ్మి ఒక మాట చెబితే, అది వాళ్ల మంచికే అనిపించినా సరే, వాళ్లనడగకుండా నోరు విప్పను.