ఎడమ తలుపు మీద ఒక దెబ్బ

దెయ్యాలనీ మహిమలనీ నేనెప్పుడూ నమ్మలేదు. విజయవాడ ఆటోనగర్‌లో బండ్ల స్పేర్ పార్ట్స్ కొట్టు నాది. ఏ బండిలో ఏ చప్పుడు వచ్చినా, ఏదో ఒక పార్టు అరిగిందనే అనుకుంటాను. ఇది కూడా చివరికి అలాగే తేలుతుందని చాలా రోజులు చూశాను.

మా నాన్న లారీ డ్రైవరు. చల్లపల్లి దగ్గర కాలవ గట్టు మీద నాకు కారు నేర్పింది ఆయనే. ఎడమ సీట్లో కూర్చుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తలుపు మీద కొట్టేవాడు. ఒక దెబ్బ కొడితే ఆపమని, రెండు కొడితే పోనిమ్మని. లారీ క్లీనర్ల పద్ధతి అది. నోటితో చెప్పొచ్చు కదా అని విసుక్కునేవాణ్ణి.

మూడేళ్ల క్రితం ఆయనకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. మాట కూడా పోయింది. మా ఇంట్లోనే, మంచంలోనే ఉండేవాడు.

మరుసటి వేసవిలో మా అక్క వచ్చింది. "కొట్టు తప్ప ఏం చూశావురా నువ్వు? నాన్నని నేను చూసుకుంటాగా, పిల్లని తీసుకుని ఎటన్నా పోయి రా" అని మమ్మల్ని తరిమింది. నేను, మా ఆవిడ, అమ్మాయి హిమాచల్ వెళ్లాం. మంచుకొండల్లో, ఊళ్లకి బాగా దూరంగా ఉన్న రిసార్టు. అక్కడి డ్రైవర్ని పెట్టుకోమంటే నాకు రోషం వచ్చింది. కారు అద్దెకి తీసుకుని నేనే నడిపాను.

రెండో రోజు కనుమ దాటాక, రిసార్టు దాకా ఒకటే దిగుడు. డెల్టాలో పుట్టినవాడికి దిగుడంటే ఫ్లైఓవరే. మా ఊళ్లో చేసినట్టే బండి న్యూట్రల్‌లో వేసి, బ్రేకు తొక్కుకుంటూ దిగాను. బ్రేకులు అమ్ముకునేవాణ్ణి, అలా దిగితే అవి కాగి పట్టు వదిలేస్తాయన్న బుద్ధి లేకపోయింది. ఇంతలో పొగమంచు కమ్మింది.

అప్పుడు ఎడమ తలుపు మీద బయటినుంచి దెబ్బ పడింది. ఒక్కటే, అరచేత్తో కొట్టినట్టు. ఆలోచించకుండానే బండి ఆపి హ్యాండ్‌బ్రేకు లాగాను.

"ఏమండీ, రాయేమన్నా పడిందా?" అంది మా ఆవిడ.

దిగి చూశాను. రాయి లేదు, సొట్ట లేదు, మనిషి లేడు. ముందు చక్రాల్లోంచి పొగ వస్తోంది. మళ్లీ ఎక్కి బ్రేకు తొక్కితే పెడల్ నేలకి ఆనింది. ఇరవై అడుగుల అవతల మలుపు, దాని కింద లోయ. అమ్మాయిని దగ్గరికి లాక్కున్నాను. కారు గడియారంలో నాలుగు దాటి రెండు నిమిషాలైంది.

చక్రాలు చల్లారాక, ఫస్ట్ గేరులో పాకుతూ రిసార్టుకి చేరాం. ఫోన్‌కి సిగ్నల్ అందగానే అక్క చేసింది.

"ఒరేయ్, నాన్న ఎడం చెయ్యి కదిలిందిరా. నాలుగింటికి టీ పట్టిస్తున్నా. చెయ్యెత్తి గోడ మీద ఒక్కటి కొట్టాడు. గ్లాసు ఒలికిపోయింది."

సరే అక్కా అన్నాను.

ఒక్కోసారి కండరాలు అలా అదురుతాయండీ అన్నారు డాక్టరుగారు. అయ్యుండొచ్చు. కారు తలుపు సంగతి ఆయన్ని అడగలేదు. ఆ చెయ్యి మళ్లీ కదల్లేదు.

కిందటేడు నాన్న పోయాడు. చివరి రెండు రోజులూ ఊపిరి ఆగుతూ, అందుకుంటూ ఉంది. చూడలేకపోయాను. ఆయన ఎడమ అరచెయ్యి నా చేత్తో పట్టుకుని, మంచం పక్క గోడ మీద మెల్లగా రెండుసార్లు కొట్టాను. కాసేపటికే వెళ్లిపోయాడు.

ఆ కొండ మీద తలుపు కొట్టిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ రెండు దెబ్బలు మాత్రం నేనే కొట్టాను.