వేలు మడిచి చూపమన్నాడు

పక్షుల మీద ప్రేమ ఉందని చెప్పుకునేవాళ్ళంటే నాకు పడదు. అలా చెప్పుకుని తిరిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకు ఉందనుకుంటాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్ళకు నేను మెదక్‌లో సైన్సు ఉపాధ్యాయుడిగా చేరాను. పెళ్ళి కాలేదు, ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు, సాయంత్రం బడి గంట కొట్టాక ఏం చేయాలో తోచేది కాదు. హైదరాబాదులో పాత సామాన్లు అమ్మే చోట ఒక దుర్బీను కొన్నాను. దాని ఒక అద్దం మీద సన్నటి గీత ఉండేది. ఏ పక్షిని చూసినా దాని మెడకు అడ్డంగా ఒక వెంట్రుక ఉన్నట్టు కనిపించేది. అయినా దాన్ని మెడలో వేసుకుని బజారులోంచి నడుస్తుంటే నాకు నేను పెద్ద శాస్త్రజ్ఞుడిలా అనిపించేవాణ్ణి.

ఊరి పక్కన పెద్ద చెరువు. ఖిల్లా గుట్ట వైపు నుంచి ఒక పొడవాటి బండ చెరువులోకి పొడుచుకొచ్చి ఉండేది. దాని కొస మీద కూర్చుంటే మూడు వైపులా నీళ్ళే. ఎదురుగా, లోతు తగ్గే చోట, నల్లతుమ్మ చెట్ల గుంపు ఒకటి. వానకాలం చెట్ల నడుముల దాకా నీళ్ళు వచ్చేవి. అప్పుడు నత్తలు తినే పెద్ద కొంగలు, నీటికాకులు, చింతొక్కులు అన్నీ వచ్చి వాటి మీదే గూళ్ళు కట్టేవి. ఆకు కనిపించేది కాదు. పిల్లల గోల బండ దాకా వినిపించేది.

చెరువు అవతలి ఒడ్డున ఆడవాళ్ళు బట్టలు ఉతుక్కునే రేవు ఉందన్న సంగతి మాత్రం నా బుర్రకు తట్టలేదు. పదిహేను రోజుల్లో ఊరంతా పొక్కింది, కొత్త సారు దుర్బీను పెట్టుకుని రేవు వైపు చూస్తున్నాడని. హెడ్‌మాస్టరు నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, సంగతేమిటని అడిగాడు. ఆ రోజు నా పరువు కాపాడింది భిస్తీ చాచా.

ఆయన తోలు మశ్కులో నీళ్ళు మోసేవాడు. చెరువు కట్ట కింది బావిలో తోడుకుని, నిండు మశ్కును నడుముకు ఆనించుకుని, మా బడికీ దవాఖానాకూ రెండు ఆఫీసులకూ పోసేవాడు. అరవై దాటిన మనిషి. ఆ మోతకు వీపు ఒక పక్కకు ఒరిగిపోయింది. హెడ్‌మాస్టరు గదిలో కుండ నింపుతూ, ఎవరూ అడగకుండానే, సారు చూసేది కొంగల్ని, రోజూ నేను ఆయన పక్కనే కూర్చుంటా అని చెప్పాడు. అది పచ్చి అబద్ధం. అప్పటిదాకా ఆయన నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. మర్నాడు సాయంత్రం నిజంగానే వచ్చి బండ మీద నా పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఆ చోటు ఆయనదే.

నన్ను మొదటి రోజు నుంచీ బేటా అనేవాడు. నాకు పుస్తకంలోని ఇంగ్లీషు పేర్లు తెలుసు, ఆయనకు పక్షులు తెలుసు. బర్రెల వెనక నడిచే తెల్లకొంగకు ఆయన పెట్టిన పేరు చప్రాసి. ఆఫీసరు వెనక ఫైళ్ళు పట్టుకుని పోయినట్టు పోతుందట. రెక్కలు చాపి ఎండలో నిలబడే నీటికాకి 'అంగీ ఆరేసెటోడు'. తీతువు చౌకీదారు. పొద్దు గూకే వేళ చెట్లలోంచి లేచి వేటకు పోయే చింతొక్కు 'రాత్రి డ్యూటీ'. ఏ కొంగ ఏ కొమ్మకు తిరిగి వస్తుందో, ఏ గూట్లో పిల్లలు లేచాయో దుర్బీను లేకుండానే చెప్పేవాడు. నేను నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. రాస్తుంటే ఆయన నవ్వేవాడు.

ఒకసారి కొత్త గూడు కనిపించిన సంబరంలో అటు వేలు చాపాను. చాచా నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. పాదు మీది సొరపిందెను చూపేటప్పుడు మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు వేలు మడిచి చూపుతారు, చాపి చూపితే పిందె కుళ్ళి రాలిపోతుందని. గూళ్ళకూ ఆయన అదే పాటించేవాడు.

"వేలు మడ్సి సూపియ్యాలె బేటా. సాపితె దిష్టి దాకుతది."

నేను సైన్సు చెప్పేవాణ్ణి కదా, లోలోపల నవ్వుకున్నాను. ఆయన మనసు నొప్పించడం ఇష్టం లేక ఆ తర్వాత వేలు మడిచే చూపాను.

అలాంటి రోజుల్లో పైనుంచి ఒక ఆఫీసరు మా బడి చూడటానికి వచ్చాడు. గోడకు నేను గీసిన పక్షుల బొమ్మలు ఉన్నాయి. ఆయన మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయి ఆయన్ను బండ మీదికి తీసుకెళ్ళాను, దుర్బీను ఇచ్చాను, చెట్లన్నీ చూపించాను. వేలు చాపే చూపించాను, ఆఫీసరు ముందు వేలు మడిస్తే బాగుండదని. ఆయన అంతా చూసి, ఇంత మంచి సంగతి పైవాళ్ళకు తెలియాలి, రిపోర్టు రాసివ్వండి, ఇక్కడ బోర్డు పెట్టించి తుపాకులు పట్టుకొచ్చేవాళ్ళను ఆపుదాం అన్నాడు. ఆదివారాలు జీపుల్లో వచ్చి కాల్చుకుపోయేవాళ్ళు ఉండేవారు, నిజమే. ఆ బోర్డు కింద మూలన నా పేరు కూడా ఉంటుందని నేను ఊహించుకున్న మాటా నిజమే.

చాచాకు చెప్తే సంతోషిస్తాడనుకున్నాను. ఆయన బీడీని బండకు నలిపి ఆర్పాడు.

"కాయితం మీద ఎక్కియ్యకు బేటా. గిన్నేండ్లు గివి ఎవలికి యాదికి లేవు. గందుకే బతికినయి."

చదువు రాని మనిషికి కాగితమంటే భయం, అంతే అనుకున్నాను. నా గర్వం అలాంటిది. పది రోజులు డిక్షనరీ ముందు పెట్టుకుని ఇంగ్లీషులో ఏడు పేజీలు రాశాను. ఉత్త అందం కోసం ఎవరు కాపాడతారు, ఉపయోగం కూడా చెప్పాలి కదా అని ఒక వాక్యం చేర్చాను. ఈ పక్షుల రెట్ట చెట్ల కింది నీళ్ళను తెల్లగా మార్చేంత దట్టంగా పడుతుంది, ఆ నీళ్ళు పారే పొలాలకు వేరే ఎరువు అక్కరలేదు అని. ఏడు పేజీల్లో నాకు బాగా నచ్చిన వాక్యం అదే.

ఏడాది దాకా జవాబు లేదు. మరుసటి ఏడు వానలు సరిగా పడలేదు, చెట్ల దగ్గర మోకాలి లోతు నీళ్ళే ఉన్నాయి. అయినా కొంగలు వచ్చాయి, గూళ్ళు కట్టాయి, పిల్లలు లేచాయి. అప్పుడు వచ్చింది ఆర్డరు. చెరువు నీళ్ళు కట్ట కింది బావిలోకి ఊరుతున్నాయి, పక్షుల రెట్ట వల్ల ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు, కాబట్టి ఆ బావి నీళ్ళు బడికీ దవాఖానాకూ పోయరాదు, తుమ్మచెట్లు కొట్టించి వేయాలి. ఆ చెట్ల కలప మీద కొందరికి ఎప్పటి నుంచో కన్ను ఉందని తర్వాత తెలిసింది. వాళ్ళకు కావలసింది ఒక సాకు. దాన్ని నేను మంచి ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టి మరీ ఇచ్చాను.

పిల్లలు ఎగిరేదాకా ఆగమని అడగడానికి ఆ ఆఫీసరు కోసం పోతే, బదిలీ మీద వెళ్ళిపోయాడన్నారు. మూడు రోజులు కొట్టారు. చెట్టు ఒరిగినప్పుడల్లా గూళ్ళు గూళ్ళుగా నీళ్ళలో పడేవి. ఈకలు రాని పిల్లలు బురదలో నోళ్ళు తెరుచుకుని అరిచేవి. జనం గంపలు తెచ్చుకుని ఏరుకుపోయారు, కూరకు. నేను పాఠం చెప్పిన పిల్లలూ అందులో ఉన్నారు. పెద్ద కొంగలు పైన తిరుగుతూనే ఉన్నాయి, వాలడానికి చోటు లేక. నేను బండ మీద దుర్బీను మెడలో వేసుకుని నిలబడ్డాను. దాన్ని కళ్ళకు పెట్టుకునే ధైర్యం లేకపోయింది. చాచా రాలేదు.

నాలుగో రోజు హెడ్‌మాస్టరు ఆర్డరు కాపీ నా చేతిలో పెట్టి, మీ రిపోర్టు మీద యాక్షన్ తీసుకున్నారని మెచ్చుకున్నాడు. మూడో వాక్యంలో నా పేరు, నా బడి పేరు, నేను సమర్పించిన నివేదిక ఆధారంగా అన్న మాట ఉన్నాయి. దాన్ని మడిచి ఒక పుస్తకంలో దాచేశాను.

ఆ సాయంత్రమే చాచా మా ఇంటికి వచ్చాడు. మశ్కు లేకుండా ఆయన్ను చూడటం నాకు అదే మొదలు. నీళ్ళు మోయొద్దని చెప్తూ ఆఫీసులో ఆయనకూ అదే కాగితం ఇచ్చారట. తనకు చదవ రాదు కదా, జర చదివి వినిపించు అన్నాడు. తీసుకున్నాను. మొదటి వాక్యం చదివాను, రెండోది చదివాను. గొంతు తడబడకుండా నాలుగో వాక్యంలోకి వెళ్ళిపోయాను. చివరిదాకా చదివి కాగితం ఆయనకు ఇచ్చాను.

"గింతేనా బేటా?" అన్నాడు.

"అంతే చాచా."

"ఎవలు చెప్పిండ్రు, ఏం జూసి చేసిండ్రు, గది రాయలేదా?"

"లేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిది సార్. మీకు తక్లీఫ్ ఇచ్చిన."

ఆయన వెళ్ళిపోయాక నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పడానికి సిగ్గేస్తుంది. ఆ రాత్రి కడుపు నిండా తిన్నాను.

తర్వాత దవాఖానాలో మొక్కలకు నీళ్ళు పట్టే పని దొరికింది ఆయనకు. దారిలో ఎదురైతే బీడీ పారేసి, పక్కకు నిలబడి, "సలాం సార్" అనేవాడు. బండ మీదికి మళ్ళీ రాలేదు. కొంగలు లేవు కాబట్టి రావట్లేదని నేను సర్ది చెప్పుకున్నాను. ఆ ఏడే నాకు ప్రమోషన్ వచ్చింది. సార్ అనడం కూడా అందుకేననుకున్నాను.

ఆరేళ్ళకు ఆయన పోయాడు. నాలుగో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య, చాచీ, గడప లోపల కూర్చుని ఉంది. ఆయన నన్ను కాపాడిన సంగతి, పక్షులకు పెట్టిన పేర్లు అన్నీ నేను చెప్తుంటే విన్నది. అంతా విన్నాక, కోపం ఏమీ లేని గొంతుతో చెప్పింది.

"గా కాయితం నీ దగ్గరికి తెచ్చిన దినం, పొద్దుగాల్నే దవాఖానల కంపౌండర్‌తోని సదివిచ్చుకున్నడు. నీ పేరు గూడ సదివిండు. మల్ల ఆడికెందుకు పోతవ్ అని నేనంటె, నా బేటా తన నోటితోని తనే చెప్తడు, చెప్తె అయిపాయె, ఇంక మాట లేదు అన్నడు."

నేను చెప్పలేదు. నా కోసం అడగకుండానే అబద్ధమాడిన మనిషి నా ఇంటికి వచ్చి, నిజం చెప్పమని రెండుసార్లు అడిగినా చెప్పలేదు. ఆ తర్వాత ఆరేళ్ళు ఆయన నన్ను సార్ అన్నాడు. నేను దాన్ని మర్యాద అనుకుని, ప్రతిసారీ తల ఊపి ముందుకు నడిచాను.