కడుపు నిండిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేనికైనా కొరత ఉండేదేమో గానీ అనుమానానికి మాత్రం ఎప్పుడూ లేదు. మా తాతయ్యకు కోటబొమ్మాళి బజారులో ఉప్పు, బెల్లం, చింతపండు అమ్మే కొట్టు ఉండేది. పాలు పోయించుకున్నాక ఒక చుక్క గోటి మీద వేసుకుని, నిలుస్తుందో జారుతుందో చూసేవాడు. కొట్టుకు తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసేవాడు. ఎవరైనా మరీ వినయంగా పలకరిస్తే, వీడికి నాతో ఏం పని పడిందో అని ఆ రోజంతా సతమతమయ్యేవాడు. దేవుడు ఎదురొచ్చి వరం కోరుకోమన్నా ముందు నువ్వెవరని అడిగే మనిషి అని నాయనమ్మ నవ్వేది. నేను ఆయన పెంపకంలో పెరిగాను. ఎనిమిదేళ్ళు నిండకుండానే తలుపు సందులోంచి చూడటం నాకు బాగా అబ్బింది.

ఇదంతా మొన్న మా మనవరాలి వల్ల గుర్తొచ్చింది. అది నా దగ్గరే ఉండి విజయనగరంలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీ నుంచి వస్తూనే బ్యాగు విసిరేసి, బెంచీలో తన పక్కన కూర్చునే స్నేహితురాలిని వాట్సాప్‌లో బ్లాక్ చేసేసింది. ఏమైందంటే, ల్యాబులో ఏముందో కనిపెట్టమని దీనికిచ్చిన సాల్ట్‌లో క్లోరైడ్ లేదట. అయినా సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేయగానే టెస్ట్ ట్యూబ్ తెల్లగా పాలలా అయిందట. ఇది క్లోరైడ్ ఉందని రాసింది. మేడమ్ అందరి ముందూ తప్పని కొట్టేసింది. తను నీళ్ళు తాగడానికి వెళ్ళినప్పుడు ఆ పిల్లే ఏదో కలిపిందని దీని నమ్మకం. కలపడం చూశావా అంటే చూడలేదంది. మరెలా తెలుసన్నాను.

"తెల్లబడింది కదా అమ్మమ్మా. ఊరికే ఎలా తెల్లబడుతుంది?" అంది.

ముప్ఫై ఏళ్ళు కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన దాన్ని. జవాబు నా నాలుక మీదే ఉంది. కానీ మా మనవరాలి గొంతులో చిన్నప్పటి నా గొంతు వినిపించి, జవాబు మింగేసి దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి అప్పుడే మొదటిసారి చెప్పాను.

ఆ రోజుల్లో సముద్రం వైపు ఉప్పుమళ్ళ నుంచి ఎడ్లబళ్ళ మీద మా కొట్టుకు వచ్చే ఉప్పు మట్టిరంగులో ఉండేది. చేపలు ఎండబెట్టేవాళ్ళు దాన్ని అలాగే పట్టుకుపోయేవారు. ఇళ్ళల్లో వంటకు మాత్రం తెల్ల ఉప్పే అడిగేవారు. అందుకని మా పెరట్లో ఉప్పు కడిగేవారు. ఉప్పును నీళ్ళతో కడగడమేమిటి, కరిగిపోదా అని ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు. తాతయ్య తండ్రి కాలం నుంచీ సాగుతున్న పని కాబట్టి మా ఇంట్లో ఎవరికీ ఆ ప్రశ్నే రాలేదు. తాతయ్య కొట్టు గల్లా దగ్గర కూర్చోవడమే గానీ పెరట్లో ఏం జరుగుతోందో ఏనాడూ వచ్చి చూసింది లేదు.

కడగడానికి ఒక ముసలమ్మ వచ్చేది. ఆమెను అందరూ ఉప్పు మామ్మ అనేవారు. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి, మా పెరటి పనే ఆమెకు ఆధారం. ఆరు బిందెల నీళ్ళు పట్టే రాతి తొట్టి ఒకటి ఉండేది. తాటాకు తట్టలో ఉప్పు పోసి, ఆ తొట్టిలో ముంచి రెండు చుట్లు తిప్పి పైకి తీసేది. మట్టి నీళ్ళల్లోకి దిగిపోయి తెల్లటి ఉప్పు తట్టలో మిగిలేది. ఆ నీళ్ళను మాత్రం ఆమె ఎన్నడూ పారబోసేది కాదు. మట్టి పేరుకుపోతే పైన తేటను బిందెల్లోకి వంపుకుని, అడుగు కడిగి, మళ్ళీ ఆ తేటనే పోసేది. వానొస్తే ముందు పరిగెత్తి తొట్టి మీద తాటాకు చాప కప్పేది, ఆ తర్వాతే ఆరబోసిన ఉప్పు సంగతి.

ఎండలు ముదిరాక తొట్టి అంచున, అడుగున ఉప్పు గడ్డకట్టేది. చదరంగా, అద్దం ముక్కల్లా ఉండేవి ఆ గడ్డలు. వాటిలో మంచిదాన్ని ఏరి మామ్మ నా అరచేతిలో పెట్టేది. నాకు గవ్వల కంటే, గాజుముక్కల కంటే అవంటేనే ఇష్టం.

ఒక మధ్యాహ్నం అలవాటు చొప్పున తలుపు సందులోంచి చూస్తున్నాను. మామ్మ తొట్టి అడుగున చెయ్యి పెట్టి దేవుతోంది. చెయ్యి పైకి తీస్తే గుప్పెడు తెల్లటి ఉప్పు. ఉప్పు ఉండాల్సింది తట్టలో కదా, నీళ్ళ అడుక్కి ఎందుకు చేరింది? కడుగుతున్నట్టు నటిస్తూ కొంచెం కొంచెం జారవిడుస్తోందని, సాయంత్రం కొంగున కట్టుకుపోతోందని నా బుర్ర అల్లేసింది. కొంగున కట్టడం నేను చూడలేదు. అయినా చూసినట్టే తాతయ్యకు చెప్పాను. సాక్ష్యంగా, ఆమె నాకు ప్రేమగా ఇచ్చిన గడ్డనే తీసి చూపించాను. తాతయ్య నా తల నిమిరి, మా వంశానికి నువ్వే తగిన దానివి అన్నాడు. నాకు ఎంత గర్వమనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు తాతయ్య పెరట్లోకి వచ్చి తొట్టి అడుగు దేవించాడు. మా బాబాయి చేట నిండా ఉప్పు తీశాడు. ఇదేమిటని తాతయ్య అడిగితే మామ్మ తడబడలేదు.

"నానెట్టలేదు బాబూ. నీళ్ళే దింపీసినాయి," అంది.

తాతయ్య నవ్వాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను గానీ, నేరాన్ని నీళ్ళ మీదికి తోసేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. రేపటి నుంచి రావద్దన్నాడు. మామ్మ తట్ట బోర్లించింది. కొంగు విప్పి అందరికీ కనబడేట్టు దులిపింది. అందులోంచి ఏమీ రాలలేదు. అయినా ఉప్పు దొంగ అన్న మాట ఆమె కంటే ముందే బజారు చేరింది. ఆ తర్వాత ఆమెను ఏ కొట్టువాళ్ళూ గడప తొక్కనివ్వలేదు. నాయనమ్మ ఒక్కతే, ఆ ముసలిది నిన్న కూడా గంజినీళ్ళే తాగింది, దొంగిలించేది ఏమైందో మరి అని గొణిగింది.

తాతయ్య తెలివి అక్కడితో ఆగలేదు. ఆ తొట్టి నీళ్ళల్లో ఇంకా ఏం దాచిందోనని వాటిని మొత్తం పారబోయించి, నూతి నీళ్ళు తోడించి నింపించాడు. తాతల నాటి నీళ్ళు పెరటి మట్టిలో ఇంకిపోయాయి. అక్కడి గోరింట చెట్టు వారానికల్లా మాడిపోయింది.

కొత్త నీళ్ళల్లో బాబాయి ఉప్పు కడిగాడు. నిండు తట్ట ముంచితే వెలితి తట్ట పైకి వచ్చింది. తాతయ్య బాబాయి వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. బాబాయికి అప్పుడే పెళ్ళయింది, అత్తవారింటికి తరలిస్తున్నాడని ఆయన లెక్క. రెండో రోజు బాబాయిని తప్పించి, నన్ను కాపలా పెట్టి, జీతగాడితో కడిగించాడు. మళ్ళీ వెలితే. ఆ రోజు నా గౌను జేబులు కూడా వెతికారు. నాకు ఏడుపొచ్చింది. ఏ తప్పూ చేయని మనిషికి ఎలా ఉంటుందో ఆ జేబుల్లో ఆయన చేతులు పెట్టినప్పుడు తెలిసింది. మూడో రోజు పెరటి తలుపు లోపల గడియ వేసుకుని, తాతయ్యే పంచె ఎగ్గట్టి స్వయంగా కడిగాడు. తట్ట పైకి తీసి చూస్తే పావు వంతు తరిగిపోయింది. తలుపు సందులో నా కన్ను తప్ప పెరట్లో ఆయనతో ఎవరూ లేరు. ఇక అనుమానించడానికి మిగిలింది ఆయన చేతులే.

గడియ తీసి నన్ను పిలిచి, మామ్మను రమ్మని చెప్పు అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు.

మామ్మ వచ్చింది. తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసింది.

"ఇయ్యి ఆకలి నీళ్ళు బాబూ. ఆకలి మీదున్నోడి కాడ తట్టెడన్నం ఎడితే తినకేటి సేస్తాడు? ముందు దీని కడుపు నింపాల. ఉప్పు తెప్పించు," అంది.

తాతయ్య చూస్తుండగానే నిండు తట్ట తొట్టిలో కుమ్మరించి కర్రతో కలిపింది. ఉప్పు మాయమైంది. రెండో తట్ట తెమ్మంది. అదీ పోయింది. మూడో తట్ట సగానికి వచ్చేసరికి ఎంత కలిపినా కరగకుండా తెల్లగా అడుగున నిలిచింది. మామ్మ కర్ర పక్కన పెట్టింది.

"ఇప్పుడు నిండినాది. ఇంకెంతేసినా అడుక్కే పోతాది. అడుగున గుప్పెడున్నా తట్టెడున్నా, నీళ్ళు పట్టింది పట్టిందే," అంది.

అప్పుడు మట్టి ఉప్పు తట్ట ముంచి తిప్పి తీసింది. తెల్లగా, వెలితి లేకుండా వచ్చింది. నాలుగు రోజుల ఎండకు తొట్టి నీళ్ళు రెండు వేళ్ళు తగ్గాయి. ఆ నాలుగు రోజులూ మామ్మ పెరట్లో అడుగు పెట్టలేదు, తాతయ్యే గడియ వేయించాడు. అయిదో రోజు తీసి చూస్తే, తొట్టి అంచు చుట్టూ మళ్ళీ అద్దం ముక్కలు.

"ఇయ్యి నానెట్టినానేటి?" అని మామ్మ నెమ్మదిగా అడిగింది.

తాతయ్య మొలతాడుకు ఎప్పుడూ వేలాడే పెరటి తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం బజారులో కొట్టు కొట్టుకూ వెళ్ళి తప్పు నాదే అని చెప్పొచ్చాడు. అయినా మర్నాడు పొద్దున్నే పెరటి తాళం ఒకసారి లాగి చూశాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తొందరగా పోతుందా.

మామ్మ చెప్పిన మాటే డిగ్రీలో ద్రావణీయతా లబ్ధం అన్న పేరుతో నాకు మళ్ళీ ఎదురైంది. మా మనవరాలు దాన్ని కేఎస్‌పీ అని బట్టీ పట్టింది గానీ, అడుగున మిగిలిన ఘనపదార్థం ఆ సూత్రంలోకి ఎందుకు రాదో దానికి ఎప్పుడూ అర్థం కాలేదట. తొట్టి కథ విన్నాక, గుప్పెడున్నా తట్టెడున్నా ఒకటే కదా అని దానంతట అదే అంది. ఉప్పు నీళ్ళల్లో సోడియం, క్లోరైడ్ అని రెండుగా విడిపోతుంది. నీళ్ళు ఆ రెంటినీ ఒక హద్దు వరకే మోస్తాయి, ఆ రెంటి గాఢతలనూ గుణిస్తే వచ్చేదే ఆ హద్దు. హద్దు దాటినది కిందికి దిగాల్సిందే. పుస్తకంలో ఆ గుణకారాన్ని చాలా తక్కువగా కరిగేవాటికే వాడతారు, వంట ఉప్పుకు అంత కచ్చితంగా కుదరదు. కానీ హద్దు అన్న మాట అన్నిటికీ ఉంది. వంట ఉప్పు హద్దు పెద్దది, తట్టలకు తట్టలు మింగింది. సిల్వర్ క్లోరైడ్ హద్దు ఎంత చిన్నదంటే, మన నాలుకకు తెలియనంత ఉప్పు నీళ్ళల్లో ఉన్నా చాలు, సిల్వర్ నైట్రేట్ తగలగానే తెల్లగా బయటపడుతుంది.

అప్పుడడిగాను, టెస్ట్ ట్యూబ్ దేనితో కడిగావని. కుళాయి నీళ్ళతో అంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో జాడించావా అంటే తల అడ్డంగా ఊపింది. మర్నాడు ల్యాబులో సాల్ట్ ఏమీ వేయకుండా, ఉత్త కుళాయి నీళ్ళల్లో రెండు చుక్కలు వేసి చూసిందట. తెల్లబడింది. డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తే తేటగానే ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి వాట్సాప్‌లో బ్లాక్ తీసేసింది గానీ, ఏం రాయాలో తోచక ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చుంది.

కాసేపటికి, చెప్పింది నువ్వేనని ఆ మామ్మకు తెలిసిందా అమ్మమ్మా అని అడిగింది.

తెలుసు. ఆ అయిదో రోజు తాతయ్య లోపలికి వెళ్ళాక, మామ్మ తొట్టి అంచున ఉన్న గడ్డల్లో అన్నిటికంటే పెద్దదాన్ని ఏరి, ఎప్పటిలాగే నా అరచేతిలో పెట్టింది. నా వేళ్ళు తనే మూసింది.

"ఇది కూడా మీ తాతకి సూపించమ్మీ," అంది.

కోపంగా అనలేదు. అందుకే అది నన్ను ఇన్నేళ్ళుగా వదలలేదు. నేను చూసింది నిజమే, మామ్మ చేతిలో ఉప్పు ఉంది. చెప్పింది మాత్రం చూడనిది. ఆ గడ్డను నేను తాతయ్యకు చూపించలేదు, ఎవరికీ చూపించలేదు. సీసాలో పెట్టి దాచాను. వానాకాలం చెమ్మగిల్లి అంచులు అరుగుతూ, ఎండాకాలం మళ్ళీ ఆరుతూ ఇప్పుడు గోరంత మిగిలింది. మొన్న మూత తీసి మా మనవరాలి చేతిలో పెట్టాను. అది దాన్ని కాసేపు చూసి, సీసాలో జాగ్రత్తగా వేసి, ఫోన్ తీసుకుని స్నేహితురాలికి మెసేజ్ పెట్టడం మానేసి, నేరుగా కాల్ చేసింది.